ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే

ప్రశ్న: నమస్కారం సార్. మాది నల్లకుంట. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు. 2013లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్, ఐ త్రీ, 4 జీబీ ర్యామ్. నాలుగేళ్ల కిందట విండోస్ 10 వేయించాను. పని మధ్యలో వంటింట్లోకి వెళ్లి అరగంట తర్వాత వస్తే స్లీప్‌లోకి వెళ్లి ఉంటుంది. మౌస్ కదిపితే లోపల ఫ్యాన్ తిరగడం వినిపిస్తుంది గానీ తెర మీద ఏమీ రాదు. బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి, మళ్లీ ఆన్ చేస్తే శుభ్రంగా వస్తుంది. నాలుగుసార్లకు ఒకసారి ఇలా అవుతోంది. పోయిన వేసవిలో మొదలైంది. మొన్న ఒక శుభలేఖ, పొద్దున్నుంచి చేసిందంతా పోయింది. దగ్గర్లోని మెకానిక్ చూసి మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ కొనుక్కోండి అన్నాడు. మా వారూ అదే అంటున్నారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పదేళ్ల ఫైళ్లు అన్నీ ఇందులోనే సర్దుకుని ఉన్నాయి. నిజంగా పోయినట్టేనా?

సమాధానం: అమ్మా, పోయినట్టు కాదు. మదర్‌బోర్డు నిజంగా చెడిపోయిన సిస్టమ్ ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ శుభ్రంగా రావడం, రోజంతా పేజ్‌మేకర్ నడపడం చాలా అరుదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆ ‘శుభ్రంగా వస్తుంది’ అన్నదే. ఓ వారం రోజులు కొత్త సిస్టమ్ మాట పక్కన పెట్టండి. ఈలోగా జబ్బు ఎక్కడుందో మీరే చాలావరకు పట్టుకోగలరు, పైసా ఖర్చు లేకుండా.

ముందు మీ పని పోకుండా చూసుకుందాం, రిపేరు సంగతి తర్వాత. పేజ్‌మేకర్‌లో పేజీ మారినప్పుడల్లా అది తనంతట తాను ఒక చిన్న సేవ్ చేసుకుంటుంది. పుస్తకాలు చేసేటప్పుడు మీకు తెలియకుండానే అది మిమ్మల్ని కాపాడుతూ వచ్చి ఉంటుంది. శుభలేఖకు ఉండేది ఒకటే పేజీ. పేజీ మారేదే లేదు కాబట్టి ఆ సేవ్ జరగదు. అందుకే మొన్న మొత్తం పోయింది. కుర్చీలోంచి లేచేటప్పుడు కంట్రోల్, ఎస్ నొక్కకుండా లేవకండి. కుక్కర్ విజిల్ వేసినా సరే, అది నొక్కాకే లేవండి.

రెండోది, హైబ్రిడ్ స్లీప్ అని ఒక సదుపాయం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, ఆ కింద చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ తెరవండి. స్లీప్ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే ‘అలౌ హైబ్రిడ్ స్లీప్’ కనిపిస్తుంది. దాన్ని ఆన్‌లో ఉంచండి. ఇక సిస్టమ్ పడుకునే ముందు మీ పనినంతా హార్డ్ డిస్క్ మీద కూడా ఒక కాపీ రాసుకుని పడుకుంటుంది. నిద్రలో ఉండగా కరెంటు పోయినా, మళ్లీ ఆన్ చేస్తే వదిలిన చోటే తెరుచుకుంటుంది. మీకు వస్తున్న నల్లతెర విషయంలోనూ చాలాసార్లు ఆదుకుంటుంది గానీ, విండోస్ సగం లేచి ఆగిపోయిన రోజున ఆ కాపీ పనికిరాదు. అందుకే కంట్రోల్ ఎస్ మానొద్దు.

ఇప్పుడు అసలు విషయం. స్లీప్ అంటే లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పాత రోజుల్లో రాత్రి వంట అయ్యాక పొయ్యిలో నిప్పు పూర్తిగా ఆర్పేవాళ్లు కాదు. నాలుగు నిప్పుల మీద బూడిద కప్పేవాళ్లు. తెల్లారి బూడిద తోసి ఊదితే మళ్లీ రాజుకునేది. స్లీప్ అచ్చంగా అదే. ప్రాసెసర్ ఆగిపోతుంది, హార్డ్ డిస్క్ ఆగిపోతుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి. ర్యామ్‌కు, అంటే నడుస్తున్న పనిని పట్టుకుని ఉండే మెమరీకి, మాత్రం సన్నటి కరెంటు ఒకటి అందుతూ ఉంటుంది. మీరు తెరిచి ఉంచిన శుభలేఖ ఆ కాసేపూ ఉండేది ఆ ర్యామ్‌లోనే. ఆ సన్నటి కరెంటును ఇచ్చేది ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును తీసుకుని లోపలి భాగాలకు తక్కువ వోల్టుల్లో పంచే డబ్బా. ఆ సన్నటి కరెంటునే స్టాండ్‌బై అంటారు, 5 వోల్టులు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఊదా రంగు తీగ అదే.

మీరు మౌస్ కదిపినప్పుడు సిస్టమ్ మామూలుగా ఆన్ అయినట్టు మొదటి నుంచి అన్నీ పరీక్షించుకుంటూ రాదు. అడ్డదారిలో వస్తుంది. ర్యామ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉందని నమ్మి నేరుగా అక్కడికే వెళ్లి పని అందుకుంటుంది. మధ్యలో ఆ 5 వోల్టులు ఒక్క క్షణం తగ్గి ర్యామ్‌లో నాలుగు అక్షరాలు చెదిరాయంటే, లేచిన ప్రాసెసర్‌కు అక్కడ అర్థంలేని గీతలు కనిపిస్తాయి. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుని ఆపి ఆన్ చేస్తే ర్యామ్‌ను ఖాళీ చేసి మొదటి నుంచి వస్తుంది కాబట్టి ఏ లోపమూ కనపడదు. మీ మెకానిక్ ఈ తేడా చూడలేదనుకుంటాను.

అయితే ఇదొక్కటే కారణమని ఇప్పుడే తేల్చేయలేం. డిస్‌ప్లే డ్రైవర్, అంటే విండోస్ చేత తెరను నడిపించే చిన్న ప్రోగ్రామ్, పాతదైనా పైకి ఇదే లక్షణం. మానిటర్ లేవకపోయినా ఇదే. వీటిని విడదీయడానికి రెండు పరీక్షలు చెబుతాను.

మొదటిది దీపం పరీక్ష. ఈసారి తెర నల్లగా ఉండిపోయినప్పుడు కంగారుగా పవర్ బటన్ మీదకు వెళ్లకండి. ఒక నిమిషం ఆగండి. పాత హార్డ్ డిస్క్ తిరగడం అందుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. తర్వాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి, దాని చిన్న దీపాన్ని చూడండి. నొక్కితే వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతోందా? అయితే మీ సిస్టమ్ లేచే ఉంది. మీ పని కూడా లోపల భద్రంగా ఉంది. లేవనిది తెర ఒక్కటే. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కండి. డిస్‌ప్లే డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. చిన్న బీప్ వినిపించి తెర వచ్చే అవకాశం ఉంది. రాకపోతే మానిటర్‌ను దాని బటన్‌తోనే ఆపి ఆన్ చేయండి, వెనక కేబుల్ ఊడదీసి పెట్టండి. అప్పటికీ రాకపోతే కంట్రోల్ ఎస్ గుడ్డిగానే నొక్కి, పది సెకన్లు ఆగి, ఆ తర్వాత ఆపండి. ముందే పేరు పెట్టి సేవ్ చేసి ఉన్న ఫైలు అయితే, తెర కనిపించకపోయినా అది సేవ్ అయ్యే అవకాశం ఉంది.

క్యాప్స్ లాక్ ఎన్నిసార్లు నొక్కినా దీపం ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే లేచే దారిలో సిస్టమ్ ఎక్కడో చిక్కుకుపోయింది. అప్పుడు రెండో పరీక్ష.

దాని పేరు హైబర్నేట్. ఇది స్లీప్ లాంటిదే, ఒక తేడా ఉంది. ర్యామ్‌లో ఉన్నదంతా హార్డ్ డిస్క్ మీద రాసేసి సిస్టమ్ పూర్తిగా ఆగిపోతుంది. నిప్పు దాచుకోవడం లేదు కాబట్టి సన్నటి కరెంటుతో పనిలేదు. స్విచ్ తీసేసినా ఫర్వాలేదు. లేచేటప్పుడు ర్యామ్‌ను మొదటి నుంచి పరీక్షించుకుని, ఆ తర్వాత డిస్క్ మీద రాసుకున్నది చదువుకుంటుంది. ఇది చేయడానికి విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషులో షట్‌డౌన్ అని ఒకే మాటగా టైప్ చేసి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ (/), దాని పక్కనే హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. లేపడానికి పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు.

మీకు నాలుగుసార్లకు ఒకసారి వస్తున్న జబ్బు ఇది. రెండుసార్లు చేసి బాగుందని అనుకుంటే మోసపోతాం. హైబర్నేట్ పదిసార్లు, స్లీప్ పదిసార్లు చేయండి. ప్రతిసారీ కనీసం ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. మీ పని మధ్యలోనే రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది. కాగితం మీద గీతలు పెట్టుకోండి. హైబర్నేట్ పదికి పదీ లేచి, స్లీప్ మాత్రం రెండు మూడుసార్లు మొండికేస్తే, లోపం ఆ సన్నటి కరెంటు దారిలోనే ఉంది. అంటే ఎస్ఎంపీఎస్ గానీ, ర్యామ్ గానీ. బయోస్ (విండోస్ కంటే ముందు సిస్టమ్‌ను లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అమరిక కూడా కావచ్చు. రెండూ అలాగే మొండికేస్తే డ్రైవర్ల వైపు చూడాలి, ఎందుకంటే రెండు దారుల్లోనూ చివరికి డ్రైవర్లన్నీ లేవాల్సిందే.

నా అనుమానం ఎస్ఎంపీఎస్ మీదే ఎక్కువ. మీరు చెప్పిన వేసవి మాటే దానికి కారణం. మిగతా భాగాలన్నీ మీరు పనిచేసినంతసేపే పనిచేస్తాయి. స్టాండ్‌బై భాగం మాత్రం గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆపేసి ఉన్నా, పనిచేస్తూనే ఉంటుంది. 2013 నుంచి అది దాదాపు విశ్రాంతి లేకుండా నడుస్తోంది. అందులో కెపాసిటర్లు ఉంటాయి. చిన్న డబ్బాల్లాంటివి, లోపల ఒక ద్రవం. వేడికి ఆ ద్రవం నెమ్మదిగా ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. మే నెలలో హైదరాబాద్‌లో బయట నలభై దాటుతుంది. పైగా మన ఇళ్లలో ఉండే చెక్క కంప్యూటర్ టేబుళ్లకు కింద ఒక అర ఉంటుంది చూడండి, సీపీయూ పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయేలా మూడు వైపులా మూసేసి. అందులో వెనకవైపు వేడి గాలి అక్కడే తిరుగుతూ ఉంటుంది. మీ సిస్టమ్ అలాంటి అరలో ఉంటే ఈ రోజే బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టండి. నేల మీద వద్దు, చిన్న స్టూలు మీద పెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా సిస్టమ్‌కు అచ్చంగా ఇదే జబ్బు వచ్చింది. విండోస్ రెండుసార్లు మార్చాను. ర్యామ్ మార్చాను. రెండు నెలలు అలాగే గడిచాయి. చివరికి సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మనమంతా సీటీసీ అంటామే, అక్కడికి మోసుకెళ్లాను. ఒక చిన్న షాపులో ఉన్న పెద్దాయన ముందు ఏమీ విప్పలేదు. సిస్టమ్ ఆన్ చేసి స్లీప్‌లో పెట్టమన్నాడు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల ముల్లును క్యాబినెట్ ఇనుముకు ఆనించి, ఎర్ర ముల్లును ఆ పెద్ద కనెక్టర్ వెనక నుంచి ఊదా తీగ పక్కన మెల్లగా దించాడు. మొదట 4.9 చూపించింది. ఆయన మాట్లాడలేదు, నన్నూ ఆగమని చెయ్యి చూపాడు. నాలుగైదు నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అంకె 4.7కు వచ్చింది, 4.6కు వచ్చింది, ఒకసారి 4.4కు పడి మళ్లీ లేచింది. ఆ తీగ మీద 4.75 కంటే తగ్గకూడదు. ‘ర్యామ్‌ది తప్పేం లేదు సార్, దానికి అన్నం సరిగా పెట్టట్లేదు’ అన్నాడు. ఎస్ఎంపీఎస్ మార్చాక మళ్లీ ఆ నల్లతెర చూడలేదు. ఆయన నిలబడ్డ ఆ ఐదు నిమిషాలు నాకు ముందే ఎవరైనా పెట్టి ఉంటే రెండు నెలల టెన్షన్ తప్పేది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు కూడా షాపుకు తీసుకెళ్తే ‘సిస్టమ్ లేవట్లేదు’ అని మాత్రమే చెప్పకండి. అలా చెబితే వాళ్లు ఆన్ చేస్తారు, అది వస్తుంది, బాగానే ఉంది కదమ్మా అంటారు. ‘స్లీప్‌లో పెట్టి స్టాండ్‌బై వోల్టేజ్ చూడండి’ అని అడగండి. లేదా వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి చూడమనండి. తెలిసినవాళ్ల దగ్గర రెండు రోజులకు అరువు దొరికితే ఇంకా మంచిది, ఇంట్లోనే పదిసార్ల లెక్క మళ్లీ చూసుకోవచ్చు. కొనాల్సి వస్తే పేరున్న కంపెనీది, బిల్లు, గ్యారంటీతో కొనండి. క్యాబినెట్‌తో పాటు ఊరికే ఇచ్చే రకం వద్దు. పాత ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు గానీ, ఇంట్లో పిల్లలు గానీ విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడు వందల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా కాసేపు నిలిచి ఉంటుంది. అది ప్రాణం మీదకు వచ్చే విషయం.

షాపుకు వెళ్లే ముందు ఇంట్లో చేసుకోదగ్గది ర్యామ్ శుభ్రం చేయడం. హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేని ఫ్లాట్లలో పోపు ఆవిరి, దుమ్ము కలిసి లోపల జిడ్డుగా పేరుకుంటుంది. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకండి. ర్యామ్‌కు రెండు చివరలా ఉన్న క్లిప్పులు వంచితే అది పైకి వస్తుంది. బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పులు టక్కుమనేలా మళ్లీ పెట్టండి. మూత తీశారు కాబట్టి మదర్‌బోర్డు మీద, ప్రాసెసర్ చుట్టూ ఉన్న చిన్న డబ్బాల తలలు కూడా చూడండి. అవి చదునుగా ఉండాలి. ఏదైనా పూరీలా ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారినట్టున్నా, అప్పుడు మాత్రం మీ మెకానిక్ మాటలో కొంత నిజం ఉంది. అప్పుడు కూడా కొత్త సిస్టమ్ ఒక్కటే దారి కాదు. ఆ కెపాసిటర్లు మార్చి ఇచ్చే పనివాళ్లు మన ఊళ్లో ఉన్నారు.

బయోస్‌లో ఒకసారి డీఫాల్ట్ అమరికలు లోడ్ చేయించండి, రెండు నిమిషాల పని. రూపాయి బిళ్లలా ఉండే సీమాస్ సెల్ మార్చమని ఎవరైనా చెబుతారు. తేదీ, టైమ్ తప్పుగా చూపిస్తుంటేనే దాని అవసరం.

ఒకవేళ దీపం వెలిగినా, హైబర్నేట్ కూడా మొండికేసినా, డ్రైవర్ల సంగతి చూడాలి. విండోస్ 10 తనంతట తాను వేసుకునే డ్రైవర్లు పాత బోర్డులకు ఒక్కోసారి సరిపడవు. మీ మదర్‌బోర్డు మీద దాని మోడల్ పేరు అచ్చువేసి ఉంటుంది. ఆ కంపెనీ సైట్‌లోంచి ఆ మోడల్‌కు ఇచ్చిన డిస్‌ప్లే డ్రైవర్, చిప్‌సెట్ డ్రైవర్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్ దించుకుని వేయండి. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. మీ కాలపు ఇంటెల్ బోర్డుల్లో స్లీప్ తిప్పలకు అది కూడా ఒక కారణం. డ్రైవర్లు దించిపెడతామనే ఊరూపేరూ లేని ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి.

ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా, పరీక్ష కోసం మీరే పెట్టినప్పుడు తప్ప, సిస్టమ్‌ను తనంతట తాను స్లీప్‌లోకి వెళ్లనివ్వకుండా చేసుకోవచ్చు. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ దగ్గర ‘నెవర్’ పెట్టి, తెర మాత్రం పది నిమిషాలకు ఆరేలా ఉంచండి. ఎక్కువసేపు వెళ్లేటప్పుడు హైబర్నేట్ వాడండి.

మీ వారి మాటకూ ఒక బలం ఉంది, అది కూడా చెప్పాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ఐ త్రీకి విండోస్ 11 అధికారికంగా రాదు. శుభలేఖలు, పుస్తకాలు చేసుకోవడానికి దీంతో అడ్డంకి లేదు. బ్యాంకు పనులు, ఆన్‌లైన్ చెల్లింపులు మాత్రం ఈ సిస్టమ్‌లో చేయకండి. బయటివాళ్ల పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు స్కాన్ చేయకుండా తెరవకండి. డబ్బు పెట్టాలనుకుంటే ఎస్ఎంపీఎస్ తర్వాత నేనైతే ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయిస్తాను. సిస్టమ్ ఆన్ అవడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది, అప్పుడు స్లీప్ మీద ఇంతగా ఆధారపడాల్సిన పని ఉండదు. పైగా పదమూడేళ్లకు దగ్గరపడుతున్న హార్డ్ డిస్క్‌ను నమ్ముకుని పదేళ్ల ఫైళ్లు ఉంచడం నాకు నచ్చలేదు. ఈ ఆదివారమే వాటిని మరోచోటికి కాపీ చేయండి, మిగతా పరీక్షలు ఆ తర్వాత మొదలుపెట్టండి.

మళ్లీ రాసేటప్పుడు మూడు సంగతులు రాయండి. క్యాప్స్ లాక్ దీపం వెలిగిందా, హైబర్నేట్ పదిలో ఎన్నిసార్లు లేచింది, స్లీప్ పదిలో ఎన్నిసార్లు లేచింది. ఊదా తీగ మీద అంకె చూపించుకుని ఉంటే అది కూడా.